అచ్చు పుస్తకము మన పల్లెకు వచ్చిన త్రోవ

అపొస్తలుడైన పౌలు సంకెళ్లలోనుండి తిమోతికి వ్రాసిన రెండవ పత్రికలో, చివరి అధ్యాయమున, ఒక చిన్న మనవి గలదు. త్రోయలో కర్పు ఇంట విడిచివచ్చిన అంగీని తెచ్చిపెట్టుమని అడుగుచు, దానితోపాటు తన పుస్తకములను, అందులోను తోలు కాగితములను మరువక తెమ్మని కోరెను. తాను వెడలిపోవు కాలము సమీపించినదని ఆ అధ్యాయములోనే పైన వ్రాసియున్నాడు. చలికాలము వచ్చుచున్నది గనుక అంగీ ఎందుకో మనకు తెలియును. మరి చావనైయున్న మనుష్యునికి పుస్తకము లెందుకు? దమస్కు మార్గమున ప్రభువు స్వరము విన్నవానికి, సంఘములకు పత్రికలు వ్రాసినవానికి, ఇంకను చదువవలసినదేమి మిగిలియుండెను? ప్రసంగములలో ఈ వచనమును మనము త్వరగా దాటిపోవుచుందుము. ఒకసారి దానియొద్ద ఆగుట మంచిది.

మా కోడుమూరు చుట్టుపట్ల సంఘములలో పుస్తకముల మాట ఎత్తినప్పుడెల్ల పెద్దలు అనుమాట యొకటున్నది: “అయ్యగారూ, బైబులుండంగ ఇంగొక పుస్తకమెందుకు మాకు?” ఈ మాటలో భక్తి యున్నది, దీనిని తేలికగా త్రోసివేయరాదు. పగలంతయు పత్తిచేనిలోనో మగ్గము గుంటలోనో గడిపి వచ్చినవానికి బైబిలులో ఒక అధ్యాయము చదువుటయే గొప్ప. అయినను మన దేశమునకు దేవుని వాక్యము ఎట్లు వచ్చినదో విచారించి చూచినయెడల ఒక సంగతి తేటపడుచున్నది. బైబిలు ఒంటరిగా రాలేదు. దానితో చిన్న పుస్తకములు వచ్చినవి. ఆ పుస్తకములను చదివి వినిపించి, అడిగినవారికి అర్థము చెప్పు మనుష్యులు వచ్చిరి. ఈ మూడును కలిసినచోట విశ్వాసులు ఎదిగిరి. ఆ త్రోవను కొంత వెనుకకు నడిచి చూతము.

బెంజమిన్ షుల్జ్ అను జర్మను మిషనెరీ 1719లో తరంగంబాడికి వచ్చి, 1726లో మద్రాసునకు మారెను. అచ్చట తెలుగువారిని చూచి, వారి భాష నేర్చుకొని, 1732 నాటికి బైబిలును తెలుగులోనికి తర్జుమా చేసెను. అంత కష్టపడి వ్రాసినది ఆయన జీవితకాలములో అచ్చు కాలేదు, చేతివ్రాతగానే మిగిలిపోయెను. 1743లో ఆయన స్వదేశమునకు తిరిగివెళ్లి, హాలె పట్టణమున తెలుగు అక్షరములు పోతపోయించి, 1746, 1747 సంవత్సరములలో కొన్ని చిన్న పుస్తకములు అచ్చువేయించెను. వాటిలో ప్రశ్నోత్తరముల పుస్తకమొకటి, నూరు జ్ఞానవచనములు గలది యొకటి, మోక్షమునకు పోవు దోవను గూర్చినది యొకటి. తెలుగు లిపిలో అచ్చయిన మొట్టమొదటి పుస్తకములు ఇవియేనని చరిత్రకారులు చెప్పుచున్నారు. చదువరులారా, దీనిని గమనించుడి. అచ్చుయంత్రము మన భాషలో మొదట మోసినది బైబిలు కాదు. బైబిలునొద్దకు చేయి పట్టి నడిపించు చిన్న పుస్తకములను. పెద్ద తలుపు తెరువబడకముందే ప్రక్కనున్న చిన్న తలుపు తెరువబడినది.

అదే శతాబ్దములో రోమను కథోలిక సహోదరులలో మంగళగిరి ఆనందకవి క్రీస్తు చరిత్రను పద్యకావ్యముగా కట్టి దానికి ‘వేదాంత రసాయనము’ అని పేరు పెట్టెను. అది పండితులు మెచ్చునట్టి రచన. పల్లెలోని మనుష్యునికి అందునట్టిది వేరొకటి కావలసియుండెను.

1805లో లండను మిషనువారైన జార్జి క్రాన్, అగస్టస్ డే గ్రాంజి అను ఇద్దరు విశాఖపట్టణమునకు వచ్చిరి. వారితో ఆనందరాయరు అను బ్రాహ్మణ విశ్వాసి కూడుకొని తర్జుమా పనిలో తోడ్పడెను. తెలుగు నుడికారము ఆయనది, మూలభాషల పరిచయము వారిది. మత్తయి, మార్కు, లూకా సువార్తలు 1812లో శ్రీరాంపురమున అచ్చయి వెలువడినవి. కాని క్రాన్ 1809లోను, డే గ్రాంజి 1810లోను చనిపోయిరి; తాము నాటినదాని పంటను ఇద్దరిలో ఎవరును కన్నుల చూడలేదు. ఆ 1812వ సంవత్సరమందే మార్చి నెలలో శ్రీరాంపురపు అచ్చుకూటము కాలిపోయి, అనేక భాషల అక్షరములు కరిగి సీసపు ముద్దలాయెను, చేతివ్రాతలు బూడిదయ్యెను. విలియము కేరీ చేయి దించక, 1814లో తెలుగు వ్యాకరణమును, 1818లో తెలుగు క్రొత్త నిబంధనను వెలువరించెను. అదే 1818లో మద్రాసునుండి ప్రిచ్చెట్ గారి క్రొత్త నిబంధన కూడ వచ్చెను. మనము ఆదివారమున చంకలో పెట్టుకొని పోవు పుస్తకము వెనుక ఇన్ని సమాధులును ఇంత బూడిదయు ఉన్నవి.

ఇక మన సీమకు వత్తము. 1800లో నైజాము ఈ ప్రాంతమును కుంఫిణీవారికి ఒప్పగించిన తరువాత ఆదోని బళ్లారి జిల్లాలో చేరినది. ఆంధ్ర రాష్ట్రము ఏర్పడిన 1953 వరకు ఆదోని, ఆలూరు తాలూకాలు ఆ జిల్లాలోనే యుండెను. ఎమ్మిగనూరు అప్పుడు ఆదోని తాలూకాలోని ఊరు. అందుచేత మన పడమటి పల్లెల చదువు సంగతి తెలిసికొనగోరువారు బళ్లారి కాగితములు చూడవలెను. అక్కడ కలెక్టరుగా నుండిన ఏ. డి. క్యాంబెల్ 1823లో జిల్లాలోని బడులను గూర్చి పై అధికారులకు ఒక నివేదిక పంపెను. ఈయన తెలుగు వ్యాకరణము వ్రాసి 1816లో ప్రచురించినవాడు గనుక భాష తెలిసినవాడే. ఆయన లెక్క ప్రకారము జిల్లాలో జనులు 9,27,857 మంది, బడులు 533, చదువుచున్న పిల్లలు 6,641 మంది. అనగా నూటనలువదిమందికి ఒక్కడు. ఆడపిల్లలు అంతటిలోను 60 మందే. బడులలో కన్నడపువి 235, తెలుగువి 226; తక్కినవి మరాఠీ, పారసీ, తమిళము, సంస్కృతము మొదలైనవి. మూడు నాలుగు భాషలు ఒక్క వీధిలో వినబడుట మన ఆదోనికి నేటి వింత కాదు.

ఆ లెక్కకంటె ఆయన చేసిన ఒక విమర్శ నాకు విలువైనదిగా తోచుచున్నది. బడిపిల్లలు పద్యములు వందలకొలది అప్పగింతురు గాని, అవి వాడుక మాటకు దూరమైన భాషలో నున్నందున, వాటి అర్థము చిలుకకు తెలిసినంతకంటె వారికి ఎక్కువ తెలియదని ఆయన వ్రాసెను. ఈ మాట చదివినప్పుడు నా మనస్సు మన మందిరములమీదికి పోయినది. కంఠస్థము చేయుట తప్పు కాదు. దానివలననే మన పితరులు నిలిచిరి. అయితే ఇరువదిమూడవ కీర్తన తడబడక చెప్పువానిని “శాంతికరమైన జలములు అంటే ఏమి నాయనా?” అని అడిగినయెడల తల గోకికొనువారు మనలో లేరా? హంద్రి వాగు ఎండినకాలమున దాని ఇసుకలో చెలమ త్రవ్వి నీళ్లు తెచ్చినవారు మనవారు. ఆ కీర్తన అర్థమైతే వారికంటె బాగుగా ఎవరికి అర్థమగును? మరియొక సంగతి. మన సంఘములలో నేడున్న అనేకుల పూర్వికులకు ఆ వీధిబడుల అరుగులమీద చోటు లేకుండెను. కులము అడ్డము నిలిచినది.

బళ్లారికి 1810లో లండను మిషనువాడైన జాన్ హ్యాండ్స్ వచ్చి, కన్నడములో బైబిలు తర్జుమాకు పూనుకొనెను. ఆ సంఘమునకు కాపరియై 1847లో చనిపోవువరకు సేవచేసిన శామ్యూలు ఫ్లావెల్ మన దేశస్థుడే. హిందూ కుటుంబమున పుట్టినవాడు. తమిళ క్రొత్త నిబంధన చదివి ప్రభువునొద్దకు వచ్చినవాడు. ఈలాటి మనుష్యులున్న ఊరినుండియే 1835లో ‘సత్యదూత’ అను తెలుగు పత్రిక వెలువడినది. తెలుగులో మొట్టమొదటి పత్రిక ఇదియేయని పలువురు చరిత్రకారులు పేర్కొందురు. చూడుడి, కృష్ణా గోదావరి తీరములలోని పండితుల ఊళ్లనుండి కాదు, కన్నడము తెలుగు కలిసి పారు ఈ మెట్టసీమనుండి ఆ మొదటి పత్రిక బయలుదేరినది. మనము వెనుకబడినవారమని ఇతరులు అనగా విని విని మనమే నమ్మితిమి గాని, అచ్చు కాగితము విషయములో మన సీమ కొంతకాలము ముందు నడిచినది.

ఆ కాలమందే ఉత్తరమున, పర్లాకిమిడి ప్రాంతములో, ఒక బ్రాహ్మణ యువకుని చేతికి చిన్న కరపత్రము దొరికెను. 1803లో పుట్టిన పురుషోత్తమ చౌదరి గారు ఆయనయే. చేతబడిన కరపత్రమును పారవేయక చదివెను. చదివి ఊరకుండక, శ్రీకాకుళమున నుండిన హెలెన్ నాట్ అను విశ్వాసురాలియొద్ద విచారించెను. 1833లో కటకమున బాప్తిస్మము పొందెను. ఆయన కీర్తనలు పాడని తెలుగు సంఘము నాకు తెలిసినంతలో లేదు. కాని ఆయన పాటలే కాక, ‘కులాచార పరీక్ష’, ‘నిస్తార రత్నాకరము’ మొదలైన పుస్తకములు కూడ వ్రాసెనని మనలో ఎందరెరుగుదురు? కరపత్రమువలన కలిగినవాడు తిరిగి పుస్తకములను కనెను. మనము పాటలు ఉంచుకొని పుస్తకములు విడిచితిమి.

ఇక్కడ నా అభిప్రాయమొకటి చెప్పనిండు. తెలుగు పల్లె సంఘముయొక్క దైవశాస్త్రము సెమినరీ గ్రంథములలో లేదు, కీర్తనల పుస్తకములో నున్నది. పాపమనగా నేమో, సిలువవలన ఏమి జరిగెనో, మరణమున ఎట్లు ధైర్యము తెచ్చుకొనవలెనో, అక్షరము రాని మన అవ్వలు ఆ కీర్తనలవలననే నేర్చిరి. నేను సెమినరీలో ఏండ్లకొలది చదివినది ఆ అవ్వలలో ఒకరు పిండి విసరుచు పాడగా నాకు మరల వినబడినది. అయితే పాట గుండెలో నిలుచును గాని ప్రశ్నకు జవాబు చెప్పదు. బిడ్డ చనిపోయిన తల్లి ‘ఎందుకు’ అని అడిగినప్పుడు, పొరుగింటివాడు ‘మీ దేవుడు ఒక్కడా ముగ్గురా’ అని అడిగినప్పుడు, పాట చాలదు. కూర్చుండి తర్కించి చెప్పిన పుస్తకము కావలెను.

1876 మొదలుకొని 1878 వరకు ధాతు నామ సంవత్సరపు గొప్ప కరువు వచ్చెను. 1871లోని జనాభా లెక్కకును 1881లోని లెక్కకును మధ్య కర్నూలు జిల్లా జనము ఇంచుమించు నాల్గవ వంతు తగ్గిపోయినది. ఆ దినములలోను వాటి తరువాతను పల్లెలకు పల్లెలు ప్రభువు తట్టు తిరిగినవి. ఒంగోలు ప్రాంతములో 1878 జూలై 3న ఒక్కదినమే 2,222 మంది బాప్తిస్మము పొందిరి. ఈ సంఖ్యను మనము సంతోషముతో చెప్పుకొందుము. అయితే ఆ మరునాడు ఏమి? వేలమంది విశ్వాసులు, వారిలో అక్షరము తెలిసినవారు వ్రేళ్లమీద లెక్కింపదగినవారు. ఆ పని పల్లె ఉపదేశులమీద పడినది. అమెరికను బాప్టిస్టువారు రామాపట్నమున 1872లో సెమినరీ పెట్టిరి. ఇతర మిషనులును తమ తమ బోధనాశాలలు నడిపిరి. అక్కడ కొద్దిపాటి చదువు చదివి వచ్చినవాడు పగలు పిల్లలకు అక్షరములు దిద్దించెను, రాత్రి ఆముదపు దీపమునొద్ద పెద్దలచేత ప్రభువు ప్రార్థన, పది ఆజ్ఞలు, విశ్వాస ప్రమాణము పలికించెను. తానొక పేజీ చదువును, వారు విందురు, మధ్యలో ఒకడు ఆపి అడుగును. నెహెమ్యా గ్రంథము ఎనిమిదవ అధ్యాయమున ఎజ్రాయు లేవీయులును చేసిన పని అదియే: చదువుట, అర్థము చెప్పుట, జనులు గ్రహించునట్లు చేయుట. ఐతియొపీయుడైన నపుంసకుడు రథములో యెషయా గ్రంథమును బిగ్గరగా చదువుకొనుచుండగా ఫిలిప్పు ప్రక్కకు వచ్చి అర్థమగుచున్నదా అని అడిగెను గదా. మన పల్లెలలో రథము లేదు, నులకమంచమున్నది. ఫిలిప్పు పని మాత్రము అదే.

తర్జుమాలుగా మనకు వచ్చినవాటిలో పల్లెలవారు తమదిగా చేసికొన్న పుస్తకము ‘యాత్రికుని ప్రయాణము’. దానిని వ్రాసిన జాన్ బనియన్ పెద్ద చదువరి యని కొందరనుకొందురు. కాదు. 1628లో ఇంగ్లాండులోని ఎల్‌స్టో అను చిన్న ఊరిలో పుట్టిన ఆయన చిల్లులు పడిన పాత్రలకు మాట్లు వేసి బ్రదికినవాడు. పెండ్లి చేసికొన్నప్పుడు ఇంట పళ్లెము గాని గరిటె గాని లేకుండెనని ఆయనయే వ్రాసికొనెను. భార్య పుట్టింటినుండి తెచ్చిన సొత్తు రెండు భక్తి పుస్తకములు. ఆ రెండును భార్యాభర్తలు కూర్చుండి చదువుకొనిరి. ఆ తరువాత ఆత్మలో గొప్ప కలత పడి, ఏండ్ల తరబడి నెమ్మది లేక తిరుగుచుండగా, మార్టిన్ లూథరు గలతీ పత్రికకు వ్రాసిన వ్యాఖ్యానపు పాత ప్రతి యొకటి ఆయన చేతికి వచ్చెను. పుట త్రిప్పినంతనే ఊడి రాలిపోవునంత పాతది. అందులో తన స్థితియే వ్రాయబడియున్నట్లు ఆయనకు తోచినది. బైబిలు తప్పించి గాయపడిన మనస్సాక్షికి దానికంటె తగిన పుస్తకము లేదని తలంచెను.

దీనిని ఊహించుకొనుడి. నూరేండ్ల క్రిందట వేరొక దేశములో, వేరొక భాషలో, ఒక గురువు చెప్పిన పాఠములు, శిథిలమైన కాగితములు, మసి అంటిన చేతులతో వాటిని త్రిప్పుచున్న మాట్లవాడు. అది దైవశాస్త్ర గ్రంథమే. పండితులకే అని మనము ప్రక్కన పెట్టునట్టిదే. 1660లో ఆయనను చెరసాలలో వేసిరి. పన్నెండేండ్లు అక్కడ గడిపెను. భార్యకును బిడ్డలకును కూడు పెట్టుటకు లోపల కూర్చుండి దారపు నాడాలు అల్లి అమ్మించెను. బిడ్డలలో పెద్దది గ్రుడ్డిది. ఆ బిడ్డను తలంచుకొని ఏడ్చెను. బైబిలును, హతసాక్షుల చరిత్రయు ఆయనకు తోడుండెను. 1678లో ‘యాత్రికుని ప్రయాణము’ వెలువడినది. లూథరునుండి బనియనునకు, బనియనునుండి మన కోడుమూరునకు ఒక దీపమునుండి మరియొక దీపము అంటింపబడినది. మధ్యలో ఒక్కడు ‘నాకు బైబిలు చాలును’ అని ఆ చినిగిన పుస్తకమును ప్రక్కన పెట్టియున్నయెడల?

జాన్ వెస్లీ గారి సంగతి కూడ ఇట్టిదే. 1738 మే 24 సాయంకాలము ఆయన లండనులో ఒక చిన్న కూటమునకు అయిష్టముగానే వెళ్లెను. అక్కడ ఎవరో రోమా పత్రికకు లూథరు వ్రాసిన పీఠికను చదువుచుండిరి. వినుచుండగా ఆయన హృదయము వింతగా వెచ్చనైనది. చదివినవాని పేరు ఆ దినచర్యలో లేదు. వెస్లీ అంతటి పండితుడు ఆ రాత్రి చదువలేదు, విన్నాడు.

మనకున్న పుస్తకములలో లోపము లేకపోలేదు. పాత తర్జుమాలు అనేకము ఇంగ్లీషు వాక్యమును తలక్రిందులు చేసి తెలుగు అక్షరములలో దించినట్లుండును. పడమటి కర్నూలులో తెలుగు మాటలో కన్నడమును ఉర్దూయు కలిసి నడుచును. మన చెవికి ఆ పుస్తకభాష పైట సవరించుకొని దూరముగా నిలిచిన చుట్టమువలె నుండును. ఈ కష్టము ఎరిగిన పెద్దలున్నారు. దోర్నకల్ అధ్యక్షఖండమునకు 1912లో బిషపు అయిన వి. ఎస్. అజరయ్య గారు తమిళుడై యుండియు తెలుగు నేర్చుకొని పల్లె సంఘములకొరకు పాటుపడెను. క్రైస్తవ కానుకలను గూర్చి ఆయన వ్రాసిన పుస్తకము చిన్నది, సూటియైనది. తిరునెల్వేలిలో బిషపుగా నుండిన స్టీఫెన్ నీల్ గారు 1950ల దశాబ్దములో ఒక పుస్తకమాల నడిపెను. తేలికైన మాటలలో, పొట్టి వాక్యములతో, లోకములోని ఇతర భాషలలోనికి సులువుగా తర్జుమా అగునట్లు వ్రాయింపబడిన చిన్న గ్రంథములవి. లావుపాటి పుస్తకమే లోతైనదను భ్రమ మనకు పోవలెను.

ఇవన్నియు పాత కథలని అనుకొనువారికి మొన్నటి సంగతి యొకటి చెప్పెదను. మా ప్రాంతములో కొన్ని ఏండ్ల క్రిందట పెద్ద మైకులతో మూడు దినముల కూటములు జరిగినవి. వచ్చిన ప్రసంగీకుని పేరు ఇక్కడ అక్కరలేదు. విత్తన కానుక వేసినయెడల దేవుడు నూరంతలుగా తిరిగి యిచ్చునని ఆయన చెప్పెను. కమ్మలు తీసి యిచ్చిన తల్లులున్నారు. దూడను అమ్మి యిచ్చినవాడొకడున్నాడు. ఆ యేడు వానలు లేవు, పంట లేదు. నూరంతలు కాదు గదా, ఇచ్చినది కూడ తిరిగి రాలేదు. దూడను అమ్మినవాడు మందిరమునకు వచ్చుట మానుకొన్నాడు. తన విశ్వాసము చాలలేదని కొందరు, దేవుడే లేడని కొందరు వానికి చెప్పిరి. రెండును వానిని గాయపరచినవి.

ఆ కూటములకు వెళ్లియు కమ్మలు తీయని యొక అవ్వను నేనెరుగుదును. ఆమెకు అక్షరములు రావు. అంతకుముందు వర్షాకాలములో మేము రాత్రులు కూడి, అజరయ్య గారి ఆ పుస్తకమును నేను ఇంగ్లీషు ప్రతినుండి మన మాటలో చెప్పుచుండగా ఆమె స్తంభమునానుకొని వినుచుండెడిది. ఎందుకు ఇవ్వలేదని తరువాత అడిగితిని. “మనం ఇచ్చేది ఆయన ముందే ఇచ్చిండాడు కాబట్టి అని గదా అయ్యగారూ మీరు సదివి సెప్పింది. ఆయప్పేమో బేరం మాదిరి సెప్తా ఉండె. దేవుడితో బేరమేంది?” అనెను. ఈ జవాబునకు మించిన దైవశాస్త్రము నేను ఎరుగను. అది ఆమెకు ఆకాశమునుండి ఊడిపడలేదు. ఒక పుస్తకము, దానిని విప్పి చెప్పిన వర్షాకాలపు రాత్రులు, తిరిగి తలపోసికొనుటకు ఆమె పొలములో గడిపిన పగళ్లు, ఇవి కలిసి ఆమెకు కన్నులిచ్చినవి.

2011 జనాభా లెక్కలలో అప్పటి కర్నూలు జిల్లాలో అక్షరాస్యులు నూటికి ఇంచుమించు అరువది మంది. ఆదోని వైపు గ్రామములు ఆ విషయమున మరింత వెనుక. సెల్‌ఫోను మాత్రము ప్రతి యింటికి వచ్చినది. అందులో ప్రసంగములు రాత్రింబవళ్లు వినబడును. మంచివి కలవు, వాటివలన మేలు పొందినవారు కలరు. కాని ఫోనును ఆపి ‘అదేమంటివి, మరల చెప్పు’ అని అడుగుటకు వీలులేదు. అడిగినను ఆ ప్రసంగీకుడు మన వీధిలో లేడు. పుస్తకమును చదువుచున్నవానిని ఆపవచ్చును. వాడు పుట వెనుకకు త్రిప్పును. తనకును తెలియనియెడల ‘తెలియదు, కాపరిని అడుగుదము’ అనును. ఆ ఆగుటలోనే ఎదుగుదల యున్నదని నా నమ్మకము. పౌలు కూడ ఆ చెరలో తన తోలు కాగితములను వేగముగా తిరగవేయుటకు కోరియుండడని అనుకొందును.

భక్తిపుస్తకము చదువుట మొదలుపెట్టువారు ఎక్కువ ఆశపడవద్దని నా మనవి. ఒక సంవత్సరములో పది పుస్తకములు ముగించినవానికంటె ఒక్కదానిని రెండుసార్లు చదివినవాడు నాకు నమ్మదగినవాడుగా తోచును. చదువువాడు గొంతెత్తి చదువవలెను. వంటయింటిలోనున్న ఆమెకు కూడ వినబడవలెను. రచయిత చెప్పినదెల్ల వాక్యమని మ్రింగనక్కరలేదు. బెరయ పట్టణస్థులు పౌలు మాటనే లేఖనములతో పోల్చి చూచిరి గదా; బనియననైనను లూథరునైనను అట్లే పోల్చి చూడవచ్చును. ఒకసారి మావారిలో ఒక నేతపని పెద్దాయన బనియను మాటను ఒప్పుకొనలేదు. యాత్రికుడు భార్యాబిడ్డలను విడిచి చెవులు మూసికొని పరుగెత్తుట ఆయనకు నచ్చలేదు. “పెండ్లాం బిడ్డల్ని ఇడిసిపెట్టి పోయేది ఏం భక్తి అయ్యగారూ? మన పిల్లోళ్లు ఊరు ఇడిసి పోతానే ఉండారు గదా” అనెను. ఆ రాత్రి పుట ముందుకు సాగలేదు. చివరకు ఒకరు, ఆ పుస్తకమునకు రెండవ భాగము కలదనియు, అందులో భార్యయు బిడ్డలును అదే త్రోవను బయలుదేరి వత్తురనియు చెప్పగా, ఆయన, “అట్లయితే అది ముందు సదవండి” అనెను. ఇప్పుడు మేము రెండవ భాగమే చదువుచున్నాము.

పంటలు ముగిసిన తరువాత మావారిలో అనేక కుటుంబములు మిరపకాయ కోతలకును పత్తి తీతలకును గుంటూరు వైపు వలస పోవును. నెలల తరబడి మందిరము సగము ఖాళీ. మాయొద్ద ఆ పుస్తకపు ప్రతులు మూడున్నవి. ఒకటి మందిరములో నుండును. ఒకటి ఆ నేతపని పెద్దాయన ఇంట మగ్గము ప్రక్కన గూటిలో నున్నది. మూడవదానికి పాత సంచి గుడ్డతో అట్ట కుట్టించి, పదవ తరగతి చదివి ఈ యేడు తల్లిదండ్రులతో కోతలకు పోవుచున్న యొక చిన్నదానికి ఇచ్చితిమి. కల్లము దగ్గర వేసికొన్న గుడిసెలలో రాత్రి అన్నము తిన్న తరువాత రెండు పుటలు చదువవలెనని మాట. ఎక్కడ ఆపిరో అక్కడ పుల్ల పెట్టి తెత్తురు. అడుగవలసినవి ఆమె నోటు పుస్తకములో వ్రాసికొని వచ్చును.